బాపు గుండె మీద నేను గెలిచిన చర్చ

ఒక వాదనలో సంపూర్ణంగా గెలిచి, ఆ గెలుపు కారణంగానే ఇంటివాళ్ల ముందు తల దించుకున్న అనుభవం మీకు ఉందా? లేకపోతే నాది వినండి. కంఠేశ్వర్‌లో మేం అద్దెకుండే ఇంటి పై అంతస్తులో, ఒక ఆదివారం ఉదయం, చక్కటి ఉపోద్ఘాతమూ మూడు బలమైన అంశాలూ ఉన్న ప్రసంగంతో నేను మా బాపును, అంటే మా నాన్నను, దాదాపు చంపేశాను.

కంగారు పడకండి, ఆయన బతికే ఉన్నాడు. ఈ కథను నాకంటే బాగా చెప్పి నవ్విస్తున్నాడు కూడా.

అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. కళాశాల చర్చాపోటీలో కప్పు గెలిచి నెల కూడా కాలేదు. కప్పు టీవీ పక్కన ఉండేది, దాని బరువు నా నెత్తి మీద ఉండేది. ఎవరేం చెప్పినా "ఆధారం ఏమిటి?" అని అడగడం పౌరధర్మమని నమ్మేదాన్ని. పప్పులో ఉప్పు తక్కువైందని బాపు అంటే, "ఎవరి నాలుకతో పోల్చి?" అనేదాన్ని. మా అమ్మను మేం అవ్వ అని పిలుస్తాం. ఆమె విసిగిపోయి, "గా కప్పు ఇచ్చినోళ్ల ఇంటికే దీన్ని గూడ పంపుండ్రి" అనేది.

ఇంట్లో నా తొలి విజయం బీపీ గోలీల మీద. నవీపేట దగ్గరి మా పసుపు చేను నుంచి వస్తూ బాపు ఒకరోజు బీపీ చూపించుకొని వచ్చాడు.

"ఎంతొచ్చింది బాపూ?"

"నార్మలే అన్నడు బిడ్డా."

"మరి రోగం లేనప్పుడు మందెందుకు? ఎప్పుడన్న అడిగినవా?"

బాపు ఆలోచనలో పడ్డాడు. నా తర్కం ఆయనకు నచ్చింది. గోలీ ఆయనకు ఏనాడూ నచ్చలేదు. మర్నాటి నుంచి గోలీల డబ్బా ఫ్రిజ్ మీద దుమ్ము కప్పుకొని పడుకుంది. అవ్వకు ఈ సంగతి మేమిద్దరం చెప్పలేదు. గోలీలు వేసుకుంటున్నందువల్లే బీపీ నార్మల్‌గా ఉందేమోనన్న ప్రశ్న, ప్రపంచంలోని అన్ని ప్రశ్నలూ అడిగే నాకు, ఎందుకో తట్టలేదు.

రెండు నెలలు గడిచాయి. ఆ ఆదివారం ఏడింటికి బాపు పాల ప్యాకెట్‌తో మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఛాతీ నడుమ బరువుగున్నది. నిన్న బోధన్ల పెండ్లి మటన్ జర ఎక్కువైనట్టుంది. గ్యాసే. సోడా తేపో బిడ్డా."

అవ్వ వంటింట్లోంచి వచ్చి ఆయన్ను ఎగాదిగా చూసింది. "గ్యాసుకు గిన్ని సెమటలు పోస్తయా? అంగి సూడు, పిండుకోవచ్చు. లే, దవాఖానకు పోదాం."

"ఆగు అవ్వా. ఇది గుండె నొప్పి అనేటందుకు ఆధారం ఏంది?"

"ఇదొకతి," అంది అవ్వ.

ఇక్కడ నేను చేసిన పని ఏ కూతురూ, ఏ కొడుకూ, బుద్ధి ఉన్న ఏ ప్రాణీ చేయదు. స్టీలు గ్లాసు ఒకటి బోర్లించి, చెంచాతో టంగుమని మోగించాను. ఒక్కొక్కరికి రెండేసి నిమిషాలు. ముందు ప్రతిపాదన పక్షం, అంటే అవ్వ.

"రెండు నిమిషాలు నాకెందుకే? మూడు దినాల సంది మెట్లెక్కుతుంటే రెండు చోట్ల నిలబడి దమ్ము తీస్కుంటుండు. పొద్దుగాల లేస్తనే దవడ గుంజుతున్నదన్నడు. ఇంకేం కావాలె నీకు?"

అని, చెప్పులేసుకొని కిందికి దిగిపోయింది. ప్రత్యర్థి వేదిక విడిచి వెళ్లిందని నేను అధికారికంగా ప్రకటించి, నా ప్రసంగం మొదలుపెట్టాను. మొదటి అంశం: గుండె ఉండేది ఎడమవైపు, బాపు నొప్పి నడుమ. రెండో అంశం: గుండెపోటు వచ్చినవాడు ఛాతీ పట్టుకొని కింద పడతాడు, బాపు కూర్చొని సోడా అడుగుతున్నాడు. మూడో అంశం: నిన్నటి మటన్. ఈ మూడింటిలో ఒక్కటీ నిలబడదని ఇవాళ నాకు తెలుసు. ఆనాడు మాత్రం ఎంత బాగా కుదిరాయో అనుకున్నాను. రెండు నిమిషాలు చాలవని నాకు నేనే గడువు పొడిగించుకున్నాను కూడా.

"చప్పట్లు కొట్టు బాపూ."

"ఎడమ చెయ్యి లేస్తలేదు బిడ్డా."

శ్రోత తటస్థంగా ఉన్నాడని సరిపెట్టుకున్నాను.

అప్పుడు అవ్వ తిరిగి వచ్చింది, వెంట ఖాజా చాచా. కింది పోర్షన్‌లో ఉంటాడు, ఆటో నడుపుతాడు. నేను ఎంతో గౌరవంగా, "చాచా, మీరే తీర్పు చెప్పండి" అన్నాను.

"తీర్పు దవాఖానల మిషన్ చెప్తది బేటీ. జర పక్కకు జరుగు. భాయిని నడవనియ్యొద్దు, కుర్చీతోటే దించుదాం."

ఇద్దరూ కలిసి బాపును కుర్చీతో సహా మోసుకుపోయారు. నేను వెనక పరుగెత్తాను. ఆస్పత్రికి చేరాక చూసుకుంటే చెంచా ఇంకా నా చేతిలోనే ఉంది.

ఈసీజీ కాగితం చూసి డాక్టరమ్మ ముఖం గంభీరమైంది. "గుండెపోటే. నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"ఏడింటికి," అంది అవ్వ.

"ఇప్పుడు ఎనిమిది కావస్తోంది. ఇంతసేపూ ఏం చేశారు?"

అవ్వా, చాచా నా వైపు చూశారు.

"చర్చ మేడం," అన్నాను.

"ఎవరు గెలిచారు?"

నేను చెంచాను వీపు వెనక దాచుకున్నాను.

"రక్తనాళం మూసుకుపోయింది," అందామె. "మీరు మాట్లాడే ప్రతి నిమిషం గుండె కండరం కొంత చచ్చిపోతుంది. నొప్పి నడుమ రావచ్చు, దవడకు పాకవచ్చు, చేతికి, వీపుకు రావచ్చు. కొందరికి చెమట, ఆయాసం తప్ప ఏమీ ఉండదు. గ్యాసో గుండో ఇంట్లో తేలదమ్మా. బీపీ ఉందా ఆయనకు? గోలీలు వేసుకుంటున్నారా?"

నేను నిజం చెప్పాను. పసుపు కొమ్ముల్లో పుచ్చినదాన్ని ఏరి పక్కకు విసిరేటప్పుడు చూసే చూపు ఒకటుంది. అవ్వ నన్ను అలా చూసింది.

స్టెంటు వేయడానికి బాపును లోపలికి తీసుకువెళ్లారు. తలుపు బయట ఆ గంటన్నర సేపు నేను కోరుకున్నది ఒక్కటే. ఉపోద్ఘాతం లేదు, అంశాలు లేవు. బాపు బయటికి రావాలి, అంతే. దానికి ఆధారం కూడా అడగలేదు.

వచ్చాడు. మూడో రోజు మంచం మీద కూర్చొని, కళ్లలో పాత కొంటెతనంతో నన్ను పిలిచాడు.

"బిడ్డా, బీపీ నార్మలే ఉన్నదంట. గోలీ ఏసుకోవాల్నా?"

"ఏసుకో బాపూ."

"ఆధారం?"

నేను నోరు తెరిచేలోపు అవ్వ నా సంచిలోంచి ఆ చెంచా తీసి గ్లాసు మీద టంగుమనిపించింది. "టైమైపాయె. నువ్వు మూసుకో. నువ్వు తెరువు." మొదటి మాట నాకు, రెండోది బాపుకు.

ఆ గంట ఇప్పటికీ మా ఇంట్లో రోజూ పొద్దున ఎనిమిదింటికి మోగుతుంది. కాబట్టి బాపు రక్తనాళంలోని ఆ చిన్న లోహపు జాలీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఛాతీ పట్టుకున్న మనిషి ముందు ఇకమీదట నేను ప్రసంగించను, డాక్టరు చెప్పకుండా ఎవరి గోలీనీ తర్కంతో మాన్పించను.

మీరు ఒక పని చేయండి. ఈ పుస్తకం పక్కన పెట్టి, ఇప్పుడే లేచి, మీ ఇంటి ఫ్రిజ్ మీద చూడండి. దుమ్ము పట్టిన గోలీల డబ్బా కనిపిస్తే, అది ఎవరిదో కనుక్కొని వాళ్లను రేపే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి. ఎవరైనా ఛాతీ బరువుగా ఉందంటే ముందు అంబులెన్సును పిలవండి. గ్యాసని తేలితే దారి పొడవునా వాళ్లతో వాదించుకుంటూ ఇంటికి రండి.