చెరపని ముగ్గు

జ్యోతిర్మయికి ఆరా తీయడమంటే అన్నం కన్నా ఇష్టం. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో గార్డుగారి రెండో అమ్మాయిగా పెరిగిన రోజుల్లో, ఎవరింటికి వెళ్ళినా ముందు గిన్నె మూత తీసి చూసేది. పుట్టింటివాళ్ళంతా రైల్వే, చేసుకున్న రమణమూర్తి లోకో పైలట్, అంటే రైలు డ్రైవరు. ఈవిడొక్కతే దారి తప్పి పోలీసుల్లో చేరింది. ఎందుకమ్మా అంటే, "అడిగే బుద్ధికి జీతం కూడా ఇత్తామంటే వద్దంతానేటి?" అనేది.

తీరా చేరాక అడిగే పని ఎక్కడా దొరకలేదు. సదర్ బజార్‌లో విజిలు ఊదింది. చకర్‌భాటా ఎయిర్‌పోర్టు గేటు దగ్గర రెండేళ్ళు నిలబడింది. ఠాణాలో కాగితాలు కుట్టింది. పాతికేళ్ళు అలా గడిచి హవల్దారైంది గానీ, నోటి దురద తీరలేదు.

అప్పుడొచ్చాడు కొత్త ఎస్పీ. ఇక్కడ ఎస్పీని కప్తాన్ సాహెబ్ అంటారు. పెద్ద పెద్ద నగరాల్లో పనిచేసి వచ్చిన మనిషి. మొదటి మీటింగులోనే, "మీ బీట్‌లో ఎందరు దొంగలు తెలుసో తర్వాత చెబుదురు గాని, ఎందరు మామూలు మనుషులు తెలుసో ముందు చెప్పండి" అన్నాడు. అప్పటినుంచి ప్రతి బీట్ హవల్దారూ ఒక ప్లాస్టిక్ కుర్చీ పట్టుకెళ్ళి తన మొహల్లాలో, అంటే తనకి అప్పగించిన పేటలో కూర్చోవాలి. శనివారం శనివారం జనంతో సభ పెట్టాలి. తోటివాళ్ళు దాన్ని 'చాయ్ డ్యూటీ' అని ఎగతాళి చేశారు. జ్యోతిర్మయికి మాత్రం తను పుట్టిన కాలనీయే బీట్‌గా పడింది. ఆవిడ ఆనందం చూడాలి!

ఆ ఆనందం మూడు నెలలు తిరక్కుండానే ఆవిరైంది. కాలనీలో మూడు స్కూటీలు పోయాయి. మూడూ ఒకే తీరున. పట్టపగలు హెల్మెట్ పెట్టుకున్న ఒక మనిషి వస్తాడు. "మీవారు దారిలో కళ్ళు తిరిగి పడిపోయారు, రైల్వే ఆసుపత్రికి తెస్తున్నారు. మెడికల్ కార్డు ఇవ్వండి, బండి కూడా ఇస్తే తొందరగా అందిస్తాను" అంటాడు. ఇంజన్‌లో ఉన్నంతసేపూ పైలట్ ఫోను ఆపెయ్యాలి కదా, ఇంటావిడ ఫోను చేస్తే మోగదు. ఇక కాళ్ళూ చేతులూ ఆడతాయా? తాళం ఇచ్చేస్తుంది. బండి పోగొట్టుకున్న ముగ్గురిలో ఉషారాణి అయితే వాడికి మంచినీళ్ళు కూడా ఇచ్చి పంపింది.

పేరూ ఉద్యోగమూ వాకిట్లో బోర్డు మీదే ఉంటాయి. కానీ ఇంటాయన ఇప్పుడే రైలెక్కాడనీ, ఇంకా దిగలేదనీ వాడికెలా తెలుసు? కాలనీ అంతా ఒకే పేరు చెప్పింది: దిలీప్. డ్రైవర్లూ గార్డులూ ఇనప పెట్టెలు మోయించుకునే రోజుల్లో వాటిని నెత్తిన పెట్టుకుని రైలు దాకా చేర్చినవాడు. చక్రాల బ్యాగులొచ్చి ఆ పని పోయాక, డ్రైవర్లు సంతకం పెట్టి డ్యూటీ ఎక్కే లాబీ ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్నాడు. ఎవరు ఎప్పుడు వెళ్ళారో వాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

ఠాణా ఇన్‌చార్జి చెబితే జ్యోతిర్మయే వాణ్ణి పిలిచి రెండు గంటలు ప్రశ్నలడిగింది. దిలీప్ అన్నింటికీ జవాబు చెప్పి, చివర్న, "దీదీ, మీ నాన్నగారి పెట్టె కూడా నేనే మోశాను" అని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి కొట్టుకి వెళితే టీ ఇస్తాడు గానీ, మాట్లాడడు. ఆ మౌనం ఆవిడకి ముల్లులా గుచ్చుకుంది. ఇన్‌చార్జి మాత్రం శనివారం సభలోపు వేరే దారి చూపించకపోతే వాణ్ణి లోపల వెయ్యడం ఖాయమన్నాడు. వేసేది బీట్ హవల్దారు, అంటే తనే.

ఇల్లిల్లూ తిరిగింది. పాలవాణ్ణి అడిగింది, ఇస్త్రీవాణ్ణి అడిగింది. ఒక్కటే తేలింది: పోయిన బండ్లు మూడూ తెలుగువాళ్ళవే. బెంగాలీల ఇంటికి రాలేదు, బీహారీల ఇంటికి రాలేదు. ఎందుకూ?

గురువారం ఉదయం తన క్వార్టర్‌కి తిరిగొచ్చి గేటు తీస్తూ అక్కడే నిలబడిపోయింది. వాకిట్లో నిన్నటి ముగ్గు సగం చెరిగి, చెత్తతో అలాగే ఉంది. రమణమూర్తి తెల్లవారుజామున డ్యూటీకి వెళ్ళాడు. వెళ్ళిన మనిషి చేరానని ఫోను చేసేదాకా వాకిలి ఊడవకూడదు. వాళ్ళమ్మ అలాగే చేసింది, కాలనీలో తెలుగు ఆడవాళ్ళంతా అలాగే చేస్తారు. అంటే, ఫోను పలకని గంటలన్నీ గుమ్మంలోనే కనబడుతున్నాయి!

"ఓలమ్మో! రోజూ తొక్కుకుంతూ తిరుగుతున్నాను గదే" అని నెత్తి కొట్టుకుంది.

అదే వీధిలో ఉండే అచ్చియమ్మగారి కొడుకు చంద్రమౌళీ పైలటే, ఆ రోజూ మర్నాడూ రెస్ట్‌లో ఉన్నాడు. రేపు వాకిలి ఊడవొద్దని అడిగితే ఆ పెద్దావిడ ఇంతెత్తున లేచింది.

"కొడుకు ఇంట్లో ఉండగా పాచి వాకిలేటి? నోరు ముయ్యి."

"దిలీప్‌ని లోపల ఏసేత్తారు పిన్నీ."

"మీ బాబాయి పెట్టె ఇరవై ఏళ్ళు మోసాడాడు" అని అచ్చియమ్మ చీపురు తలుపు వెనక పెట్టేసింది.

శుక్రవారం పది గంటలకి హెల్మెట్ మనిషి రానే వచ్చాడు. "మాతాజీ, మీ అబ్బాయి చాంపా స్టేషన్లో కళ్ళు తిరిగి పడిపోయారు" అన్నాడు హిందీలో. లోపల్నుంచి చంద్రమౌళి సగం గడ్డం సబ్బుతోనే బయటికొచ్చాడు. "అచ్ఛా? నానెప్పుడు పడిపోనానురా?" వాడు పరుగెత్తబోతే గేటు దగ్గర జ్యోతిర్మయి ఉంది. పట్టుకుని అడిగితే తేలింది: వాడు రాజ్‌కిశోర్ నగర్‌లో ఒక తెలుగు పైలట్ ఇంట్లో అద్దెకున్నవాడట. ఇంటావిడే ఈ ఆచారం గొప్పగా చెప్పిందట.

శనివారం సభలో కప్తాన్ సాహెబ్ మెచ్చుకుని, "ఆ అలవాటు మానెయ్యమని అందరికీ చెప్పండి" అన్నాడు. జ్యోతిర్మయి లేచింది. పాతికేళ్ళలో పై అధికారికి ఎదురు చెప్పడం అదే మొదలు.

"సార్, మా నాన్న ముప్పై ఏళ్ళు క్షేమంగా తిరిగొచ్చారు. మా అమ్మ అది తన డ్యూటీ అనుకుంది. ఎలా మానమంటాను?"

ఆయన చిరునవ్వుతో కుర్చీ వెనక్కి జరుపుకుని, "అయితే మీరే తేల్చుకోండి" అన్నాడు. తేల్చింది అచ్చియమ్మ. "ఇంటోలు ఊడవకూడదు గానీ, పక్కింటోలు ఊడిత్తే దోసమేటి?" ఆడవాళ్ళంతా సరేనన్నారు. చివరి వరసలో కూర్చున్న దిలీప్ దంపతులు అంతా విని, లేచి వెళ్ళిపోయారు.

వారం తర్వాత రమణమూర్తి మళ్ళీ తెల్లవారుజామున వెళ్ళాడు. ఆరింటికి జ్యోతిర్మయి తలుపు తీసేసరికి వాకిలి కడిగి ఉంది. మధ్యలో బియ్యప్పిండితో ముగ్గు. చుక్కల్లేవు, మన తీరు కాదు. ఛత్తీస్‌గఢీ వాళ్ళు పండగలకి వేసే చౌక్ అది. వీధి చివర దిలీప్ భార్య బకెట్టు పట్టుకుని కొట్టు వైపు నడిచిపోతోంది. జ్యోతిర్మయికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ముగ్గు తొక్కకుండా పక్కనుంచి దిగి, వెనకాలే వెళ్ళింది.

దిలీప్ టీ గ్లాసు అందించాడు. ఇన్నాళ్ళ తర్వాత నోరు విప్పి, "దీదీ, సాబ్ ఫోన్ వచ్చిందా?" అన్నాడు.

కాలనీ అంతటినీ ప్రశ్నలడిగిన మనిషి, ఆ ఒక్క ప్రశ్నకి "ఇంకా లేదు" అని, ఫోను ఇద్దరికీ కనబడేలా బల్ల మీద పెట్టి అక్కడే కూర్చుంది.