పెస్టోకి తులసా?

మా సూరి మావయ్య లత అనే పేటలో ఇటాలియన్ హోటల్ వంటవాడు. సైన్యం దేశాన్ని లాక్కున్నాక హోటల్ యజమాని దొర తన దేశం వెళ్లిపోయాడు. కొత్త మేనేజరు దీపాలు పెట్టే వేళ పిలిచాడు. ఉద్యోగం నిలవాలంటే పరీక్షట!

"పెస్టో పచ్చడి ఏ ఊరిది?"

"జెనోవాది, సయా," అన్నాడు మావయ్య. ఇక్కడ అయ్యా అనడానికి సయా అంటారు.

"సైన్యం ఆఫీసర్లొస్తున్నారు, చెయ్యి."

"బేసిల్ ఆకేదీ? సరుకే రావట్లేదు."

"మీ ఇంట్లో తులసుందిగా, అదే జాతి. కోసుకురా."

మావయ్యకి ఒళ్లు మండింది. "పొద్దుగూకాక మేం తులసమ్మని ముట్టుకోం. నాను రోట్లో ఏసి నూరాలా? అదీ పిల్లల్ని కాల్చినోళ్లకా?"

"అయితే ఇంటికి పో."

వచ్చేశాడు. "ఇంకేటి తింటాం?" అని అత్త ఏడ్చింది. నాకైతే ఆ మేనేజర్నే నూరాలనిపించింది. రోజూలాగే రాత్రి ఎనిమిదింటికి, సైన్యమనే దయ్యాన్ని తోలుతున్నట్టు వీధంతా గిన్నెలు మోగించింది. ఉద్యోగం పోతుందని ఇన్నాళ్లూ తలుపేసుకున్న మావయ్య, గిన్నే గరిటే పట్టుకుని బయటికెళ్లాడు.