శని చెబితే నమ్మిన కోడలు

మా వెనక సందులో ఏసీ మెకానిక్ ఒకామె ఉంది. అందరూ చల్లమ్మ అంటారు. పగలంతా నడుముకు తాడు కట్టుకుని గోడలెక్కుతుంది. పొద్దు వాలాక తన డాబా ఎక్కి గ్రహాలకు ఫొటోలు తీస్తుంది. లోకమంతా శని వదిలితే చాలనుకుంటుంటే, ఈమె మాత్రం ఆయన కనబడని రోజు మొహం వేలాడేసుకుంటుంది.

"వద్దన్నా వచ్చేవాణ్ని వెతుక్కుంటూ పోవడం నీకే చెల్లింది," అంటాడు దర్జీ పని చేసే మొగుడు. అంటూనే టెలిస్కోపుకు మందపాటి గుడ్డతో తొడుగు కుట్టిచ్చాడు.

గ్రహం ఫొటో ఒక్క నొక్కుతో అయ్యేది కాదు. పారే నీళ్ల అడుగున రూపాయి బిళ్ల వణుకుతున్నట్టు కనిపిస్తుంది చూడండి, వణికేది బిళ్ల కాదు, నీళ్లు. గాలీ అంతే. అందుకని చల్లమ్మ వీడియో తీస్తుంది. అందులోని వేల బొమ్మల్లోంచి, గాలి ఊపిరి బిగబట్టిన క్షణాల్లో పడ్డవాటిని ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక్క బొమ్మ చేస్తుంది. బియ్యంలో రాళ్లేరడం కాదిది, రాళ్లలో బియ్యం ఏరడం.

మా గాలి సంగతి చెప్పేదేముంది! దుమ్ము, పొగ, పగలంతా కాలిన సిమెంటు. ఇక్కడి నుంచే ఆమె గురుగ్రహం చారలు పట్టింది. మిగిలింది శని వలయాల మధ్య ఉండే సన్నని నల్ల గీత. ఈ ఏడు దాన్ని పట్టి తీరతానంది.

ఆ నెలల్లో శని చీకటి పడగానే ఎదుటి షాపింగ్ కాంప్లెక్సు పైన కనిపించేవాడు. కానీ తెరమీద ఉడికే గంజిలా కుతకుతలాడేవాడు. అద్దం సరిచేసింది, స్టాండు మరలు బిగించింది, లాభం లేకపోయింది. ఒక సాయంత్రం మాత్రం కాస్త కుదురుగా నిలబడ్డాడు. మబ్బులు పోయాక మరో వారం ఇంకోసారి. గీత చిక్కలేదు గానీ ఒక సంగతి తట్టింది: రెండూ కాంప్లెక్సుకు సెలవు రోజులే.

చల్లమ్మ పిట్టగోడ మీంచి వంగి చూసింది. కాంప్లెక్సు వెనక గోడ నిండా ఏసీల అవుట్‌డోర్ యూనిట్లు, మూతులన్నీ సందువైపే. బిగించింది తనే. "ముందువైపు అందంగా ఉండాలి, అన్నీ వెనక్కి పెట్టు," అని కాంట్రాక్టరు అంటే సరేనంది. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. ఒకరి గదిలో వేడిని తోడి ఇంకొకరి గుమ్మంలో పోస్తుంది. ఎవరి గుమ్మమో డబ్బున్నవాడు నిర్ణయిస్తాడు.

గబగబా దిగి అత్తగారి గదిలోకి వెళ్లింది. కిటికీ మూసి ఉంది.

"అత్తయ్యా, ఎదుటి గోడ వేడి ఈ గదిలోకి వస్తోందా?"

ముసలామె విసనకర్ర ఆపింది. "ఇన్నాళ్లకు అడిగావా తల్లీ! పొయ్యిలో పడుకున్నట్టుందే అని మొత్తుకుంటే, వయసు మీద పడింది, అలాగే ఉంటుందన్నావు. అత్త చెబితే నమ్మలేదు, శని చెబితే నమ్మావు!"

"తప్పయిపోయింది అత్తయ్యా."

"తప్పు సంగతి తర్వాత. ముందు వాటి మూతులు తిప్పు."

అంతలోనే కాంట్రాక్టరు కొత్త పని తెచ్చాడు. అదే గోడకు ఇంకో వరుస.

"కాంప్లెక్సు డాబా మీద, మూతులు పైకి పెడితే చేస్తాను. పాతవీ ఎక్కించాలి. సందులోకైతే చెయ్యను," అంది.

"నువ్వు కాకపోతే ఇంకొకడు," అన్నాడతను.

ఆ రాత్రి మొగుడు మెల్లగా అడిగాడు. "అవి పైకెక్కితే ఆ వేడంతా నీ శని మొహానికే కదా? మరి నీ గీత?"

"తెలుసు," అంది.

మర్నాడు సందులో ఆడవాళ్లందరినీ వెంటేసుకుని కాంప్లెక్సుకు వెళ్లింది. ముందువైపు, ఆ అందమైన వైపే, బైఠాయించారు. బేరాలు ఆగాయి. ఓనరు దిగొచ్చి, వాళ్లు పట్టుబట్టినట్టే ఆ వేడెలా ఉంటుందో చూడ్డానికి అత్తగారి గదిలో కూర్చోక తప్పలేదు. ఆమె కిటికీ తెరిచింది. చూస్తుండగానే ఆయన చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"ఇంకాసేపు కూర్చో నాయనా, తొందరేముంది?" అంది ముసలామె.

యూనిట్లన్నీ డాబా ఎక్కాయి. ఎక్కించింది మాత్రం ఇంకొకడే. కాంట్రాక్టరు చాలాకాలం చల్లమ్మను పిలవలేదు. సందులో గదులు తెరిపిన పడ్డాయి. శని మునుపటికన్నా ఎక్కువ ఉడికాడు.

ఇలాంటి మనుషులను త్యాగమూర్తులని పొగిడి చేతులు దులుపుకోవడం మనకు అలవాటు. చల్లమ్మ త్యాగం చేశానని అనుకోలేదు, కాంప్లెక్సు సెలవు రోజుల కోసం కాసుకుని కూర్చుంది. మబ్బు పట్టని సెలవు సాయంత్రం ఒకటి దొరికింది. ఎప్పుడూ తీసేదానికి రెండింతలు తీసింది.

ఆ బొమ్మ నేను చూశాను. వలయంలో ఒక పక్క గీత ఉంది, రెండో పక్క ఉన్నట్టూ లేనట్టూ ఉంది. అత్తగారి గదిలో, ఇప్పుడు తెరిచే ఉంటున్న కిటికీ పక్కన తగిలించారు. గాలికి కాగితం చివర కొట్టుకుంటుంటే, ముసలామె దానికి ఇంకో మేకు కొట్టమని కొడుకును సతాయిస్తోంది.