బాతులకు పూచీ పడ్డాను

ఆ రోజుల్లో మా కొల్లేటి వైపు పూచీ పడటమంటే నోటి మాటే, కాగితమూ లేదు, వేలిముద్రా లేదు. కోతలయ్యాక రాలిన గింజలు మేపుకోవడానికి బాతులవాళ్లు మందలు తోలుకొచ్చేవారు. ఊళ్లో ఎవరో ఒకరు 'వీళ్లకి నేను పూచీ' అంటే తప్ప చేలో దిగనిచ్చేవారు కాదు. (పక్కన కోయని చేను ఉంటే బాతుకి తెలుస్తుందా మరి?) ఆ ఏడు వచ్చిన బాతులవాడి భార్య నెలలు నిండిన మనిషి. గట్టు మీద కూలబడి, "ఇంక నడవలేనండీ" అంది. పూచీకి ఎవరూ ముందుకు రాలేదు. పక్కనున్న కోయని చేను మా మీసాల మావయ్యది, ఆయనంటే అందరికీ హడలు. పదిహేనేళ్ల దాన్ని, ముందుకెళ్లి "నేను పూచీ అండీ" అనేశాను. మావయ్య నన్ను ఎగాదిగా చూసి, "నా చేలో ఒక్క వరి వెన్ను పోయిందంటే మంద ఊరు దాటాల్సిందే, తెలిసిందటే" అన్నారు. మా నానమ్మ మాత్రం చెవిలో, "పూచీ అంటే అనడం కాదే, నిలబడటం" అంది.

నిలబడ్డాను. బాతులవాడి పొడుగు కర్ర అడిగి పుచ్చుకుని పొద్దుటినుంచీ కాపలా. ఒక బాతు మావయ్య చేను వైపు మెడ సాచింది. దానికి అడ్డం పడదామని కర్ర పైకెత్తి నేనే చేలో దిగాను. ఆ కర్ర ఎటు పోతే అటు పోవడం వాటికి పిల్లలప్పటి అలవాటని నాకెవరు చెప్పారు? మందంతా బారులు తీరి నా వెనకే దిగింది. నేను పరుగెడితే అవీ పరుగు. "కర్ర పారేయండమ్మా" అని బాతులవాడు కేకలేస్తున్నాడు. (ఆ గోలలో వినపడితేగా.)

మావయ్య వచ్చి, "బాగానే పడ్డావే పూచీ, దగ్గరుండి మేపుతున్నావు" అన్నారు.

"దింపింది నేనండీ, బాతులు కాదు. వాళ్లని పంపకండి. పడిన దుబ్బులన్నీ నేను నిలబెడతాను" అన్నాను. వాలిన దుబ్బుల్ని కలిపి కట్టి నిలబెట్టుకుంటూ పోయాను. నడుం పట్టేసింది, అరచేతులు కోసుకుపోయాయి, అయినా వదల్లేదు. పొద్దు వాలేవేళకి చూస్తే అవతలి కొస నుంచి మావయ్యా కడుతున్నారు. "ఆ అమ్మాయిని మా వసారాలో పడుకోమను" అన్నారు, తల ఎత్తకుండానే. ఆ వసారాలోనే బాతులవాడి భార్యకి ఆడపిల్ల పుట్టింది.

మొన్న మా మనవడు ఏదో హామీ కాగితం తెచ్చి, "ఇక్కడ సంతకం పెట్టు మామ్మా, అంతే" అన్నాడు. "ముందు ఏ గట్టు మీద నిలబడాలో చూపించరా" అన్నాను. వాడికి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. చేతిలో కర్ర ఇప్పటికీ ఉంది గానీ, ఎటు పోయినా వెనక ఒక్క బాతూ రావడం లేదు.