ఎడారి కాలువ గట్టున సత్యశ్రీ

సత్యశ్రీకి ఈత నేర్పింది వాళ్లన్న కోపం. కోటవురట్ల దగ్గర చెరకు పండించే ఊరు వాళ్లది. తండ్రి పోయాక ట్రాక్టరూ, ఇంటి పెత్తనమూ అన్న కొండబాబు చేతికొచ్చాయి. కోపం వస్తే ఏది దొరికితే దానితోనే కొట్టేవాడు. ఒకరోజు చెరుకుగడ పట్టుకుని వెంటపడితే, ఎటు పోవాలో తోచక వరాహ నదిలోకి దూకేసింది. కొండబాబుకు ఈత రాదు. గట్టు మీద నిలబడి బూతులు తిడుతుంటే, ఆమె కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ, నీళ్లు మింగుతూ అవతలి ఒడ్డున తేలింది.

పెద్దయ్యాక నర్సీపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీ టీచరైంది. తెల్లవారకముందే సైకిలెక్కి బలిఘట్టం దాటి వెళ్లి, నదిలో ఈది, పరుగెత్తుకుంటూ కాసేపు తిరిగి, మళ్లీ బడి గంటకు వచ్చేసేది. ఈత, సైకిలు, పరుగు మూడూ కలిపి ట్రయథ్లాన్ అనే పోటీ ఒకటుందని తెలిసి విశాఖలో సముద్రంలోకి దిగింది. రెండో స్థానం వచ్చింది. దాంతో రాజస్థాన్ ఎడారిలో ఎండను తట్టుకునే శిక్షణ ఇచ్చే ఒక అకాడమీ నుంచి పిలుపొచ్చింది. నర్సీపట్నం కాలేజీలో లెక్చరరు యాజులు గారి అమ్మాయి హరిణికీ వచ్చింది. ఆమె ఈతలో చేప, పరుగులో మాత్రం వెనకబడేది.

"నువ్వు పక్కన ఉంటావన్న ధైర్యంతోనే పంపిస్తున్నానమ్మా" అన్నారు యాజులు గారు.

కొండబాబు మాత్రం, "ఎడారికెల్లి ఏటి పీకుతావే? నిక్కర్లేసుకుని మగోళ్ల ముందు పరిగెడతావేటి?" అని చెంప పగలగొట్టాడు. చిట్లిన పెదవితోనే నర్సీపట్నం రోడ్డు స్టేషన్లో రైలెక్కింది సత్యశ్రీ.

ఎక్కడినుంచో ఎడారి మధ్యకు తవ్వి తెచ్చిన పెద్ద కాలువ. దాని గట్టున డేరాలు. కోచ్ జోరావర్ నడివయసు మనిషి, తెల్లటి మీసం. చేతిలో ఎప్పుడూ మడిచిన సైకిల్ ట్యూబు ముక్క. చేరగానే అందరి ఫోన్లూ తీసుకుని పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

మొదటి ఈతకే కాలువ నీళ్లలో రక్తం తేలింది. అమ్మాయిలందరూ ఒకేసారి దూకితే ఆ ఇరుకులో ఒకరి మడమ ఇంకొకరి ముక్కు మీద పడుతుంది. కాళ్లు పట్టి వెనక్కి లాగుతారు, మెడ మీద ఎక్కి ముంచుతారు. "తన్నండి! రేసులో మీకెవరూ దారివ్వరు!" అని హిందీలో అరుస్తున్నాడు జోరావర్. పూనమ్ అనే అక్కడి పిల్ల సత్యశ్రీ జుట్టు పట్టుకుంది. సత్యశ్రీ వెనక్కి చూడకుండా మోచేత్తో ఒక్కటిచ్చింది. గట్టెక్కాక పూనమ్ అరచేతిలోకి పన్ను ఉమ్మింది.

"శేర్నీ!" అని సత్యశ్రీ వీపు తట్టాడు కోచ్. ఆడపులివి అన్నాడు. దెబ్బ కొట్టినందుకు జీవితంలో ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ పూట ఆమెకు అన్నం ఎంతో రుచిగా ఉంది. పక్కన కూర్చున్న హరిణి మాత్రం కంచం తీసుకుని దూరంగా జరిగింది.

పరుగులో చివర వచ్చినవాళ్ల తొడల మీద ట్యూబుతో వాతలు పడేవి. దాదాపు రోజూ హరిణే చివర. ఒక సాయంత్రం డేరాలో ప్యాంటు పైకి మడిచి చూపించింది. చర్మం నల్లగా కమిలి, ఒకచోట చిట్లి రసి కారుతోంది.

"అక్కా, నాన్నకు చెప్పేద్దాం. వెళ్లిపోదాం."

"ఓర్చుకోవే. దెబ్బ తగిల్తేనే ఒళ్లు గట్టిపడతాది. నాను పడలేదేటి?" అంది సత్యశ్రీ. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు తప్పుగా తోచలేదు.

వడగాలి మొదలైన మధ్యాహ్నం, సైకిళ్లు దిగీ దిగగానే కాలువ గట్టు మీద పరుగు పెట్టించాడు జోరావర్. కొంతదూరం పోయాక హరిణి మాట ముద్దముద్దగా వస్తోందని సత్యశ్రీ గమనించింది. చెయ్యి పట్టుకుంటే పొయ్యి మీద పెనంలా కాలుతోంది, ఒంటి మీద చెమట చుక్క లేదు. "హరిణీ, ఆగే! కూసో!" అంటుండగానే ఆ పిల్ల మొహం ఇసుకలో పెట్టి పడిపోయింది.

"నీళ్లు! పానీ!" అని సత్యశ్రీ గొంతు చించుకుంది. జీపు వచ్చి ఆగింది. జోరావర్ దిగి బూటుతో హరిణి డొక్కలో తన్నాడు. నాటకాలన్నాడు. నీళ్ల సీసా మూత తీసి, హరిణి తల పక్కనే సగం ఇసుకలో ఒంపేశాడు. "లే, లేస్తే ఇస్తాను." లేవకపోతే ట్యూబు ఎత్తి వీపు మీద, మెడ మీద బాదాడు. హరిణి కాళ్లు బిగుసుకుపోయి ఫిట్స్‌తో కొట్టుకోసాగాయి. నోటి వెంట నురగ వచ్చింది. అయినా అతని చెయ్యి ఆగలేదు.

జీపు వెనక ఇనుప సైకిల్ పంపు ఉంది. సత్యశ్రీ దాన్ని తీసి అతని మోకాలి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. అతను కూలబడి చెయ్యి అడ్డం పెడితే ఆ చేతి మీద కొట్టింది. చెయ్యి వేలాడిపోయింది. ఇక చాలు, ట్యూబు ఎప్పుడో కింద పడిపోయింది. కానీ ఆమె ఆగలేదు. మొహం మీద కొట్టింది. తెల్ల మీసం ఎర్రబడింది. కొడుతున్న ప్రతిసారీ ఒంట్లో ఏదో చల్లగా, హాయిగా దిగుతున్నట్టుంది. అతను "మాఫ్ కరో" అని బతిమాలుతున్నాడు. అది వినిపించే మళ్లీ కొట్టింది.

జీపు డ్రైవరు దిగి ఆమె జుట్టు పట్టి వెనక్కి ఈడ్చి కడుపులో గుద్దాడు. ఆమె అతని ముంజేయి కండ ఊడేలా కొరికింది. అతను ఆమె తలను జీపు తలుపుకేసి కొడుతుంటే, ముందు పరుగెడుతున్న పూనమ్ అరుపులు విని వెనక్కొచ్చి, ఎగిరి అతని వీపు మీద పడి కళ్ల కింద గోళ్లు దింపింది.

"పిల్ల! పిల్లను చూడు!" అంటున్నట్టు హిందీలో అరిచింది పూనమ్.

అప్పుడు గుర్తొచ్చింది సత్యశ్రీకి, హరిణి అనే పిల్ల ఒకతి అక్కడ పడి ఉందని.

ఇద్దరూ కలిసి హరిణిని కాలువలోకి దింపి, తల పైకెత్తి, మెడ దాకా నీళ్లలో ఉంచారు. సత్యశ్రీ నుదుటి రక్తం కారి హరిణి మొహం మీద పడుతుంటే పూనమ్ కడుగుతూనే ఉంది. ఒళ్లు చల్లబడుతున్నట్టు తెలిశాక, ఆ డ్రైవరునే బెదిరించి జీపు తీయించి ఆస్పత్రికి చేర్చారు. జోరావర్‌ను కూడా అదే జీపులో వేశారు.

హరిణి బతికింది. కానీ మూత్రపిండాలు దెబ్బతిని కొన్నాళ్లు డయాలసిస్ మీదే ఉంది. ఇప్పటికీ మాట తడబడుతుంది. జోరావర్ మీద ఒక కేసు, సత్యశ్రీ మీద ఒక కేసు పెట్టారు. స్కూలు వాళ్లు ఆమెను తీసేశారు.

బెయిలు మీద ఊరికొచ్చేసరికి కొండబాబు సంబరపడిపోతున్నాడు. టీ బడ్డీ దగ్గర అందరికీ చెప్పుకున్నాడు: "కోచ్చిగోడి కాలూ సెయ్యీ ఇరగ్గొట్టీసింది! నా సెల్లెలంటే ఏటనుకున్నారు? మా రకతం!" ఆ మాట చెవిన పడ్డాక సత్యశ్రీ ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయింది. తల్లి జోగులమ్మ నుదుటి కుట్లకు మందు రాస్తూ, "మీ అయ్యా అంతేనే. మొదలెడితే ఆగీవోడు కాదు. నాను నేల మీద పడిపోయినా ఆగీవోడు కాదు" అంది. తండ్రి గురించి ఆమె అలా చెప్పడం అదే మొదలు. సత్యశ్రీ తన చేతులు ఒళ్లో దాచుకుంది.

కేసు విచారణకు వచ్చే ముందు యాజులు గారు వచ్చారు. మనిషి సగమైపోయారు.

"జోరావర్ లాయరు రాజీకి రమ్మంటున్నాడమ్మా. ఇరువైపులా కేసులు తీసేద్దామంటున్నాడు. నీకు జైలు తప్పుతుంది. నా కూతుర్ని బతికించావు, నువ్వు జైలుకెళ్తే నేను చూడలేను."

"మరి క్యాంపండీ?"

ఆయన తలదించుకున్నారు. "మళ్లీ తెరుస్తాడట."

"అయితే వద్దండి. నాను సేసింది సేసేనని సెప్తాను. ఆడు సేసింది ఆడి మీదే ఉండాల."

కోర్టులో తన లాయరు ఎన్ని సైగలు చేసినా ఆమె వినలేదు. కొట్టావా అని జడ్జి అడిగితే, కొట్టానండి అంది. "మొదటి దెబ్బ హరిణి కోసం కొట్టేను. తరవాతవి ఆ పిల్ల కోసం కాదండి. కొట్టాలనిపించి కొట్టేను." అనువదించే గుమస్తా ఆ మాట చెప్పడానికి తటపటాయించాడు. పూనమ్ కట్టుడు పన్నుతో వచ్చి, దాచకుండా చూసిందంతా చెప్పింది. హరిణి ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ తొడల మీద వాతల గురించి చెప్పింది. చెప్పడం అయ్యేదాకా ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు.

జోరావర్‌కు జైలు శిక్ష పడింది, అకాడమీ మూతపడింది. సత్యశ్రీకి కూడా నేరం రుజువైంది. పరిస్థితులు చూసి జైలుకు పంపకుండా మంచి నడవడికకు హామీ తీసుకుని వదిలారు. ఇక ఏ ప్రభుత్వ ఉద్యోగానికీ పనికిరానని ఆమెకు తెలుసు.

బయటికొస్తుంటే మెట్ల దగ్గర జోరావర్ కర్ర ఊతంతో, పోలీసుల మధ్య ఎదురయ్యాడు. వంకర పోయిన చెయ్యి. ఆమె ముందు నుంచి వెళ్తూ ఏదో గొణిగాడు. ఆమె పిడికిళ్లు వాటంతటవే బిగుసుకున్నాయి. అతను వ్యాను ఎక్కేదాకా ఆమె అక్కడే నిలబడి ఊపిరి పీలుస్తూ, వదులుతూ ఉంది. వేళ్లు విప్పుకోవడానికి చాలాసేపు పట్టింది.

"అక్కా" అంది హరిణి, మాట కోసం వెతుక్కుంటూ. "ఆ... ఆకలేస్తోంది."

"పద, బేగి తినేద్దాం. రైలు టైమైపోతాది" అంది సత్యశ్రీ. ఎదురుగా కచోరీల కొట్టు ముందు పూనమ్ అప్పటికే బల్ల పట్టుకుని కూర్చుని చెయ్యి ఊపుతోంది.