సముద్రం సరే, జాలీ ఎక్కడ?

“పాతికేళ్ళకి ఒకసారి దీవికి వెళ్దామంటే, బాత్రూం ఫోటో చూసి హోటల్ వద్దంటారా?”

“వద్దనలేదే. ఆ నేల వాటం చూడు అన్నాను. షవరేమో ఈ మూల. నీళ్ళు పోయే జాలీ ఆ మూల. నీళ్ళేమన్నా చదువుకున్నాయా, దారి అడిగి వెళ్ళడానికి?”

“మనం అంత దూరం వెళ్ళేది స్నానానికా?”

“సముద్రంలో దిగొచ్చాక ఒంటి మీది ఇసక కడుక్కోవా? అలాగే పడుకుంటావా?”

“పడుకుంటాను. నా ఒళ్ళు, నా ఇసక. మీకేం?”

ఈ మాటలు నేను పనిగట్టుకుని విన్నవి కావు, మొదట్లో. మేడ మీద నా బాత్రూంకీ, కింద వాళ్ళ బాత్రూంకీ గాలి కోసం వదిలిన సందు ఒకటే. పళ్ళు తోముకుంటూ నిలబడితే కింది సంసారమంతా పైకి వస్తుంది. మర్యాద తెలిసినవాడైతే కుళాయి తిప్పి చప్పుడు చేసుకుంటాడు. నేను కుళాయి కట్టేసి విన్నాను.

కింద ఉండేది ఇంటి ఓనర్లు. ఆయన ప్లంబరు, వీధి మొత్తానికి పైపుల మామయ్య. ఆవిడ కంటి ఆసుపత్రిలో ముందు బల్ల దగ్గర కూర్చుని చీటీలు రాస్తూ, “తర్వాతెవరు” అని పిలిచే అత్తయ్య. ఆ బల్లకి ఎదురుగా గోడ మీద పెద్ద పోస్టరు ఒకటుంది. తెల్లటి ఇసక, వంగిన కొబ్బరిచెట్టు, దాని వెనక ఎక్కడా చూడనంత నీలంగా సముద్రం. కళ్ళు కనబడక వచ్చినవాళ్ళ కోసం ఆ పోస్టరు ఎవరు తగిలించారో గానీ, ఇరవై రెండేళ్ళుగా దాన్ని చూసింది అత్తయ్య ఒక్కతే. పోస్టరు మూలలు రెండుసార్లు ఊడిపోతే తనే టేపు వేసింది. ఆ టేపు కూడా మామయ్య సంచిలోదే, తెల్లటి ప్లంబింగు టేపు.

ఇన్నేళ్ళకి ఆమెకి ఒకేసారి ఐదు రోజుల సెలవు దొరికింది. ఐదు రోజులూ ఆ పోస్టరులోకి వెళ్ళి కూర్చోవాలని ఆమె కోరిక. షరతు ఒకటే. పక్కన మొగుడు ఉండాలి, మొగుడి చేతిలో పానా ఉండకూడదు.

ఇదేం చిన్న షరతు కాదు. మామయ్యని ఎరిగినవాళ్ళకి తెలుస్తుంది. ఎవరింటికైనా వెళ్తే ఆయన ముందు మనుషుల్ని పలకరించడు, కుళాయిని పలకరిస్తాడు. తిప్పి, కట్టి, చెవి దగ్గర పెట్టి విని, అప్పుడు “అందరూ బాగున్నారా” అంటాడు. వాళ్ళ ఆల్బం నేను చూశాను. అత్తయ్య చెల్లెలి పెళ్ళి ఫోటోల్లో ఆయన ఎక్కడా లేడు. ఒక్క ఫోటోలో మాత్రం, నవ్వుతున్న బంధువుల వెనక వంటగది తలుపు తెరిచి ఉంది, సింకు కిందనుంచి రెండు కాళ్ళు బయటికి వచ్చి ఉన్నాయి. “ఇవీ మా ఆయన” అని అత్తయ్య వేలు పెట్టి చూపిస్తుంది. బావమరిది గృహప్రవేశంలో భోజనాల వేళకి మేడ మీద ట్యాంకులో ఉన్నాడు. మీద కాదు, లోపల.

ఆ రోజు గొడవ కాసేపటికి మెట్లెక్కి నా గుమ్మంలోకి వచ్చింది. కాలేజీ మధ్యలో మానేసినవాడికి ఖాళీ ఎక్కువనీ, కంప్యూటరు బాగా వచ్చనీ లోకానికి గట్టి నమ్మకం. రెండూ నిజమే గానీ నేను బయట ఒప్పుకోను.

“ఒరేయ్, నువ్వు చెప్పరా. న్యాయంగా చెప్పు,” అన్నాడు మామయ్య, నా సింకు వైపు నడుస్తూనే.

“వాడికి హోటళ్ళు చూపించండి, మీరు కుళాయి చూడ్డం కాదు,” అంది అత్తయ్య.

పోటీలో మిగిలినవి రెండు. వాటికి పేర్లున్నాయి గానీ మా ముగ్గురికీ నోరు తిరగలేదు. ఒకటి గొడుగుల హోటలు. ఒడ్డున వరసగా నీలం గొడుగులు, గదులు చెట్ల వెనక. సముద్రం కనబడాలంటే లేచి, చెప్పులేసుకుని, నడవాలి. రెండోది గుడిసెల హోటలు. నీళ్ళలో గుంజలు పాతి కట్టిన చెక్క గదులు. మంచం మీద పడుకుంటే కాళ్ళ దగ్గర సముద్రం.

అత్తయ్యది గుడిసె. మామయ్యది గొడుగు. గొడుగుల వాళ్ళ బాత్రూం ఫోటోని ఆయన వేళ్ళతో సాగదీసి సాగదీసి చూపించాడు.

“చూశావా పనితనం. జాయింటు దగ్గర మరక లేదు. వాటం ఎంత బాగా తీశాడో. మేస్త్రీ ఎవడో గానీ దండం పెట్టాలిరా.”

“అందులో అద్దం ఉంది, అద్దంలో కిటికీ ఉంది, కిటికీలో ఏముంది?” అంది అత్తయ్య.

“ఏముంది?”

“గోడ.”

వెళ్ళొచ్చినవాళ్ళు రాసిన అభిప్రాయాలు నన్ను చదవమన్నారు. గుడిసెల హోటలు గురించి ఒకాయన రాశాడు: ‘జీవితంలో ఇంత అందమైన సూర్యాస్తమయం చూడలేదు. ఫ్లష్ రెండుసార్లు నొక్కాలి.’ అత్తయ్యకి మొదటి వాక్యం వినబడింది, మామయ్యకి రెండోది. ఇద్దరూ ఒకేసారి “చెప్పానా” అన్నారు.

నేను రెండు హోటళ్ళకీ నా ఫోను నంబరిచ్చి వివరాలు అడిగాను. ఆ తేదీలకి గుడిసె ఒక్కటే మిగిలిందట, శనివారం సాయంత్రం ఆరు దాకా ఆపుతామన్నారు. గొడుగుల వాళ్ళ దగ్గర గదులు బోలెడు. గోడ చూడ్డానికి ఎవరొస్తారు మరి?

మర్నాడు మామయ్య ఎవరికీ చెప్పకుండా గొడుగుల హోటలుకి ఫోను చేశాడు. గదులిచ్చేవాళ్ళతో మాట్లాడాడా అంటే, లేదు. “మీ దగ్గర పైపులు చూసుకునేదెవరు, ఆయన్ని పిలవండి” అన్నాడు. పిలిచారు. ఆ ఇద్దరికీ భాష అరకొరగానే కుదిరింది. కానీ వాల్వు ఎక్కడైనా వాల్వే, వాషరు ఎక్కడైనా వాషరే. యాభై నిమిషాలు మాట్లాడుకున్నారు. చిన్నప్పుడు విడిపోయిన అన్నదమ్ములు కూడా అంతసేపు మాట్లాడుకోరు. ఫోను పెట్టేసి వరండాలోకి వచ్చినప్పుడు ఆయన మొహం వెలిగిపోతోంది. అత్తయ్యతో మాత్రం, “మంచివాళ్ళే, పెద్ద గది ఇస్తామన్నారు, అదే మామూలు రేటుకి” అన్నాడు. ఎందుకిస్తారో చెప్పలేదు.

అత్తయ్య మెత్తబడింది. పెద్ద గది కోసం కాదు. ఆయన ఒక విహారం గురించి అంత హుషారుగా మాట్లాడ్డం ఆమె ఎప్పుడూ చూడలేదు. “పోనీలేరా, గొడుగులదే చెయ్యి. నాలుగడుగులు నడిస్తే సముద్రం రాదా ఏంటి” అంది. నేను లాప్‌టాప్ తెచ్చి వాళ్ళ బల్ల మీద పెట్టాను. అప్పుడే నా ఫోను మోగింది. గొడుగుల వాళ్ళ సందేశం.

“ఏమంటున్నారు? చదువు,” అంది అత్తయ్య.

చదివేముందు ఒకసారి మనసులో చూసుకోవాల్సింది. చూసుకున్నాను కూడా. అయినా చదివాను. అడిగిన మనిషి మొహం మీద అబద్ధం చెప్పడానికి కావలసిన చదువు నేను పూర్తి చెయ్యలేదు.

‘మీ ఇంజినీరు గారి రాక మాకెంతో సంతోషం. రెండో రోజు ఉదయం ఎనిమిదికి పంపు గది తెరిచి ఉంచుతాం. మూడో రోజు పెద్ద ట్యాంకు. నాలుగో రోజు వంటగది లైను. ఆయన కాళ్ళ కొలత తెలిపితే రబ్బరు బూట్లు సిద్ధం చేస్తాం.’

మామయ్య కిటికీలోంచి ఎదురింటి నీళ్ళ ట్యాంకు వైపు చూశాడు. కష్టకాలంలో ఆయన చూపు అటే పోతుంది.

“ఐదో రోజు ఖాళీయే,” అన్నాడు చివరికి.

అరుస్తుందేమో అనుకున్నాను. అత్తయ్య అరవలేదు. ఆసుపత్రిలో పిలిచే గొంతుతో, “తర్వాతెవరు” అన్నంత మామూలుగా, “బూట్లు ఎనిమిదో నంబరని రాసెయ్యి. ఆయన్ని అక్కడికే పంపిద్దాం,” అంది. తర్వాత నా వైపు తిరిగి, “నాకు గుడిసె తీసుకో. ఒక్కదానికి,” అంది.

“అదేంటే, విడివిడిగానా?”

“పెళ్ళయినప్పట్నుంచీ విడిగానే కదా తిరుగుతున్నాం. మీరు సింకు కింద, నేను పైన.”

లేచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి వంటగదిలో కుళాయి ధారగా వదిలేసిన చప్పుడు వినబడింది. అది ఆయన్ని ఏడిపించడానికేనని మా ఇద్దరికీ తెలుసు. మామయ్య రెండుసార్లు లేచి, రెండుసార్లు కూర్చున్నాడు.

ఒక్కదానికి గుడిసె తీసుకోమంది గానీ నేను వెంటనే తీసుకోలేదు. శనివారం ఆరు దాకా గడువుంది కదా అని బద్ధకించాను. మంచితనం అనుకునేరు, అలాంటిదేం లేదు.

శనివారం ఐదుంబావుకి మామయ్య మేడెక్కి వచ్చాడు. ఎప్పటిలా కుళాయి వైపు వెళ్ళలేదు. కుర్చీలో కూర్చుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు. ఆ మధ్యే నా సింకు కుళాయి కారడం మొదలెట్టింది. కింద బకెట్టు పెట్టాను. టప్, టప్. మామయ్య మెడ మీద నరం ఒక్కో చుక్కకీ కదులుతోంది.

“వాషరు పోయింది,” అన్నాడు.

“చూస్తావా మామయ్యా?”

“చూడను.” టప్. “నన్ను పరీక్ష పెట్టకురా. ఆ గుడిసె బాత్రూం ఫోటో ఒకసారి తియ్యి.”

తీశాను. వంగి చాలాసేపు చూశాడు.

“ఇదిగో, ఈ మూల నీళ్ళు నిలబడతాయి. రోజూ నిలబడతాయి. గుమ్మం దాకా వస్తాయి.” ఊపిరి పీల్చుకుని వదిలాడు. “నిలబడనీ. మీ అత్తయ్యకి మడమ లోతు నీళ్ళంటే ఇష్టమే. ఇద్దరికని చెయ్యి.”

“గొడుగుల వాళ్ళకి?”

“పొద్దున్నే ఫోను చేసి రానని చెప్పాను. ఆ పైపులాయన పాపం చాలా బాధపడ్డాడు. నేనూ పడ్డాను.”

పేర్లు నింపాను. ఐదు నలభైకి గది ఖాయమైంది. కిందికి వినబడేలా సందులోకి, “అత్తయ్యా, గుడిసె ఇద్దరికి” అని అరిచాను. ఆ రోజునుంచీ ఆయన్ని ఏడిపించడానికి వదులుతున్న వంటగది కుళాయి కట్టేసిన చప్పుడైంది. జవాబు అంతే. మామయ్యకి అది చాలు.

అప్పుడాయన లేచి, ప్రయాణానికని దాచుకున్న చిన్న పానా ఒకటి జేబులోంచి తీశాడు, అరచేయంత. సాక్సులోంచి ఇంకోటి. చలవ కళ్ళద్దాల డబ్బా తెరిస్తే అందులో అద్దాల్లేవు, వాషర్లు, టేపు చుట్ట ఉన్నాయి. అన్నీ నా బల్ల మీద పేర్చాడు.

“ఎలాగూ విమానం దగ్గర లాక్కునేవాళ్ళు కదా మామయ్యా.”

“పెద్ద పెట్టెలో పెడితే లాక్కోరు. కనుక్కున్నాను.” నా వైపు చూడకుండా చెప్పాడు. “అందుకే నీ దగ్గర పెడుతున్నా. అక్కణ్ణుంచి ఫోను చేసి, ఆ దీవిలో సామాన్ల షాపు ఎక్కడుందో చూడరా అని అడుగుతాను. ఏడుస్తాను కూడా. తిట్టి పెట్టెయ్.”

“సరే.”

గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. వెనక బకెట్టులో మళ్ళీ టప్‌మంది.

“ఇంకోటిరా. ఆ కుళాయి నేనొచ్చేదాకా ఎవడి చేతా బాగు చేయించకు. నువ్వూ ముట్టుకోకు. అలాగే కారనీ. తిరిగొచ్చాక నాకంటూ ఏదో ఒకటి ఉండాలి కదా.”