నర్సమ్మ అనని మాట

ప్రెస్‌మీట్లంటే రాజారావుకు గిట్టేది కాదు. బిర్యానీ వాసన, చివర్లో గిఫ్టు ప్యాకెట్ల కోసం తోపులాట, ప్రెషర్ కుక్కరు డబ్బాను స్కూటరు ముందు పెట్టుకుని పోయే విలేకరులు. అందులో సగంమంది తన దగ్గర చదువుకున్నవాళ్ళే కావడం మరీ రోత.

1991లో మేడ్చల్‌లో నాలుగు పేజీల వారపత్రిక 'చౌరస్తా' మొదలుపెట్టినప్పుడు ఆయనకు ముప్పై నాలుగేళ్ళు. ఎడిటరూ, విలేకరీ, ప్రూఫులు దిద్దేవాడూ ఆయనే. గురువారం పొద్దున్నే కట్టలు స్కూటరు మీద వేసుకుని శామీర్‌పేట, తుర్కపల్లి, గండిమైసమ్మ దాకా తానే పంచి వచ్చేవాడు. బోరింగు చెడిపోయిందని రాస్తే వారంలో బాగయ్యేది. రేషన్ డీలరు తూకంలో మోసం చేస్తున్నాడని రాస్తే, డీలరు ఆఫీసుకే వచ్చి గంటసేపు తిట్టిపోయాడు. ఆ తిట్లు కూడా ఆయనకు తృప్తిగానే ఉండేవి.

1998లో శామీర్‌పేట దారిలో వెలిసిన ఓ ప్రైవేటు కాలేజీ జర్నలిజం కోర్సు పెట్టి ఆయన్ను ప్రొఫెసరుగా పిలిచింది. చైర్మన్ ఆ చుట్టుపక్కల పేరున్న భూస్వామి. ప్రతి ఏడూ మొదటి రోజు రాజారావు చెప్పే పాఠం ఒకటే: "మనిషి నోట్లకెళ్ళి రాని మాట మన పేపర్ల రావద్దు." ఆ పాఠాన్ని శ్రద్ధగా రాసుకున్న వాళ్ళలో శ్రీకాంత్ ఒకడు. రైతు బిడ్డ, చురుకైనవాడు. 'చౌరస్తా'లో రెండేళ్ళు రాయించి, ఓ పెద్ద దినపత్రికలో విలేకరిగా చేర్పించింది రాజారావే.

2005 ఎండాకాలం. లాల్‌గడి మలక్‌పేట్ వైపు ఓ కుంటలో నీళ్ళు తగ్గగానే లేఅవుట్ వాళ్ళు టిప్పర్లతో మట్టి పోయడం మొదలుపెట్టారు. అక్కడ చేపలు పట్టి బతికే నర్సమ్మ వచ్చి చెబితే, రాజారావు పోయి ఆమె ఫొటో తీసి 'చౌరస్తా'లో వేశాడు. పెద్ద పేపర్లో పడితే కలెక్టరు చూస్తాడన్న ఆశతో అదే ఫొటో శ్రీకాంత్‌కూ ఇచ్చాడు.

నాలుగో రోజు నర్సమ్మ ఆ పెద్ద పేపరు మడిచి పట్టుకుని వచ్చింది.

"సారూ, గీడ ఏం రాసిండ్రో సదువు."

ఆమె ఫొటో కింద ఉంది: 'కుంట ఎండిపోయి ఏళ్ళయింది. ప్లాట్లు పడితే మా పిల్లలకు పని దొరుకుతుంది - నర్సమ్మ.'

"నేను గిట్ల ఎప్పుడన్న? ఊర్ల నా మొకాన ఉమ్మినంత పని జేస్తున్నరు. అమ్ముడువోయినవంటున్నరు. నా ఫొటో గాళ్ళకు ఎవలిచ్చిండ్రు?"

"నేనే ఇచ్చిన అక్కా."

నర్సమ్మ ఆయన ముఖం వంక చూసి, పేపరు బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం లేఅవుట్ వాళ్ళ ప్రెస్‌మీట్. శ్రీకాంత్‌ను అడుగుదామని రాజారావు వెళ్ళేసరికి వేదిక మీద మధ్య కుర్చీలో కాలేజీ చైర్మన్ కూర్చుని ఉన్నాడు. లేఅవుట్‌లో ఆయనకూ వాటా ఉందని అప్పుడు తెలిసింది. పోయిన ఏడే ఆ చైర్మన్ పుట్టినరోజుకు 'చౌరస్తా' మొదటి పేజీ మొత్తం పూలదండల ప్రకటనతో నింపిన సంగతి గుర్తొచ్చి, రాజారావుకు తన మీదే అసహ్యం పుట్టింది. తానేం శుద్ధపూస?

చేతిలో కుక్కరు డబ్బాతో బయటికొస్తున్న శ్రీకాంత్‌ను ఆపాడు.

"నర్సమ్మ ఆ మాట అన్నదా?"

"రెండు దిక్కులా రాయాలని మీరే జెప్పిండ్రు గద సార్. మీరొక దిక్కు రాసిండ్రు, నేనింకో దిక్కు రాసిన."

"అన్నదా, లేదా?"

"అనకుంటే ఏంది సార్? ఎవలో ఒకలు అనేదే గద!"

వాడు నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వులో సిగ్గన్నది మచ్చుకైనా లేదు.

మర్నాడు రాజారావు రెండు పేపర్లూ క్లాసులో పక్కపక్కన పెట్టి చదివి వినిపించాడు. సాయంత్రానికే చైర్మన్ పిలిపించాడు.

"సారూ, పాఠం జెప్పుండ్రి, పంచాయితీ పెట్టకుండ్రి. గది కుంట గాదు, పట్టా జాగ అని వచ్చే వారం మీ పేపర్ల ఒక ముక్క ఎయ్యుండ్రి."

"నర్సమ్మ ఏం జెప్తే గదే ఏస్త," అని లేచొచ్చేశాడు.

కుంట దగ్గరికి పోతే నర్సమ్మ తలెత్తకుండా వల బాగుచేసుకుంటోంది. ఆయన చాలాసేపు గట్టు మీద కూర్చున్నాక చెప్పింది. రాసుకున్నదంతా ఆయన తిరిగి చదివి వినిపించాడు. "ముప్పై ఏండ్లు గాదు, ఇరవై ఆరేండ్లసంది చేపలు పడుతున్న. సక్కగ రాయి," అని దిద్దించింది. గురువారం మొదటి పేజీ నిండా ఆమె మాటలే. కింద, ఆ ఫొటో ఇచ్చిన తప్పు తనదేనని ఒప్పుకుంటూ ఆయన సంతకం.

కాలేజీ ఉద్యోగం పోయింది. ప్రకటనలు ఆగిపోయి మరుసటేడు 'చౌరస్తా' కూడా మూతపడింది. సర్వే వాళ్ళొచ్చి కొలిస్తే సగం కుంట మిగిలింది, మిగతా సగంలో ఇళ్ళు లేచాయి. ఊళ్ళో నర్సమ్మ మాట నిలబడింది. కానీ మళ్ళీ ఎవరినీ తన ఫొటో తియ్యనివ్వలేదు, రాజారావును కూడా.

2008లో శ్రీకాంత్‌కు ఉత్తమ గ్రామీణ విలేకరి అవార్డు ఇస్తూ, గురువుగారంటూ రాజారావునూ వేదికెక్కించారు. మైకులో తన పేరు, చప్పట్లు. శ్రీకాంత్ వంగి కాళ్ళకు దండం పెట్టబోయాడు. రాజారావు పాదాలు కుర్చీ కిందికి లాక్కున్నాడు. ఫొటోగ్రాఫరు "సార్, ఇంకొక్కసారి" అంటుండగానే శాలువా కుర్చీలో వదిలేసి మెట్లు దిగి, మేడ్చల్ బస్సెక్కాడు.